దుమ్ము: లేదు

కదలకండమ్మా అంటున్నాడు ఏసుపాదం, హెడ్‌ఫోన్లలోంచి. ఈ ఎమ్మారై మిషను నడిపేది ఆయనే. గాజు కిటికీకి అవతల కూర్చుని ఉంటాడు, నాకు కనపడడు. నాకు కనపడేది ఒక్కటే, ముక్కుకి జానెడు ఎత్తులో తెల్లటి కప్పు. నన్ను ఈ గొట్టంలోకి తోసి అయిదు నిమిషాలయిందో పదిహేనయిందో తెలియదు. రొమ్ము మీద పలకలాంటిదేదో పెట్టి బెల్టుతో బిగించారు. పొట్ట చుట్టూ ఇంకో పట్టీ, మొహానికి మాస్కు, కుడిచేతిలో రబ్బరు బుడగ. భయమేస్తే నొక్కండి, వెంటనే ఆపేస్తాం అన్నాడు. భయం కాదు నాయనా నాకున్నది. కోపం వస్తే నొక్కే బుడగ ఉందా నీ దగ్గర? గంటసేపు పడుతుందట. వెల్లకిలా పడుకుని గంటసేపు. ఇంట్లో నేను మూడు దిళ్ళు పెట్టుకుని గోడకి జారబడి నిద్రపోతాను, ఇలా పడుకుంటే ఎవరో గుండెల మీద బస్తా దింపినట్టుంటుంది. పడుకోగలరా అనడిగాడు డాక్టరు. పడుకుంటుందండీ అని చెప్పింది నేను కాదు, మా ఆయన.

మొదలైంది మళ్ళీ చప్పుడు. దడదడదడ, మధ్యలో ఒక కూత, మళ్ళీ దడదడ. చెవుల్లో దూది, దాని మీద హెడ్‌ఫోన్లు, అయినా పుర్రెలోకి దిగుతోంది. చప్పుడు ఎక్కువుంటుందండమ్మా, కాస్త భరించాలి అని ఏసుపాదం ముందే చెప్పాడు, తప్పు చేసినవాడిలా. నవ్వొచ్చింది నాకు. మండపేటలో రైసు మిల్లు గోడకి ఆనుకున్న ఇంట్లో ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసినదానికి చప్పుడు సంగతి చెప్తున్నాడు. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు మిల్లు ఆడుతూనే ఉంది. నా మాట నాకు వినపడక గట్టిగా మాట్లాడితే, కోడలికి గొంతెక్కువ అన్నారు. తరవాత తరవాత మాట్లాడ్డమే తగ్గించాను. మిల్లు ఆగితేనే అందరం ఉలిక్కిపడేవాళ్ళం, ఏంటి, ఏమైంది, ఎందుకాగింది అని. చప్పుడు అలవాటయినట్టే దుమ్మూ అలవాటయింది. పొద్దున్నే డాబా మీద ఆరేసిన తెల్లచీర మధ్యాహ్నానికి బూడిదరంగు చీర. బాయిలర్‌లో కాల్చిన ఊక నల్లటి రేకులుగా ఎగిరొచ్చి అప్పడాల మీద, తులసికోట మీద, మా హర్షిత ఉయ్యాల్లో ఉన్నప్పుడు దాని దోమతెర మీద పడేది. దులిపేదాన్ని. దులపడం నా పని. పొగగొట్టం ఎత్తు పెంచమని ఎవరో ఆఫీసర్లు వచ్చి చెప్పి వెళ్ళారు, పదేళ్ళయింది, అది అంతే ఎత్తుంది.

ఊపిరి పీల్చండి. వదిలేయండి. ఆపండి.

ఆపాను. ఎనిమిది లెక్కపెట్టేసరికి గొంతులో పురుగు కదిలినట్టవుతోంది. పది. ఇంక పీల్చుకోవచ్చమ్మా. ఒకప్పుడు, పాలకొల్లులో, ఆడపిల్లల హైస్కూల్లో, కబడ్డీ కూతకి జగదాంబ వెళ్తోందంటే అవతలి జట్టువాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు. పట్టుకుంటారని కాదు, కూత ఆగదని. కబడ్డి కబడ్డి కబడ్డి అంటూ గీత దాటి, అందరినీ అటూ ఇటూ తిప్పి, ఇద్దర్ని కొట్టి, నవ్వుకుంటూ తిరిగొచ్చేదాన్ని ఒక్క ఊపిరితో. డ్రిల్లు టీచరు వాచీ పెట్టి చూసేది. ఏలూరులో జిల్లా పోటీలకి తీసుకెళ్ళారు. మా నాన్న ఇత్తడి కొట్టు మూసేసి మరీ బస్సెక్కించడానికి వచ్చాడు, లంగా ఓణీ మీద ఎలా ఆడతావే అని నవ్వాడు. కొంగు బిగించి ఆడాను. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచి ఆయాసమట. చిన్నప్పటి నుంచి! అరగంట క్రితం మా ఆయన బయట హాల్లో కూర్చుని, మోకాలి మీద ఫారం పెట్టుకుని, నా పక్కనే, నేను చూస్తుండగానే రాశాడది. ఆయాసం ఎప్పటి నుంచి: చిన్నప్పటి నుంచి. నా జీవితంలో ఆయన చెయ్యి పడనిది పెళ్ళికి ముందటి ఆ పదహారేళ్ళే. వాటినీ వదల్లేదు.

అది ఒక్కటే కాదు. నివాసం: బైపాసు రోడ్డు. అదేంటండీ, బైపాసు రోడ్డులో మనకున్నది ఖాళీ స్థలం కదా అన్నాను. ఉండవే, నీకు తెలీదు అన్నాడు. దుమ్ము, పొగ ఉండే చోట పనిగానీ నివాసంగానీ ఉందా అని ఇంకో ప్రశ్న. దానికెదురుగా, దుమ్ము: లేదు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి ఆయనవి. బుల్లిరాజుగారి దస్తూరీ ముత్యాలండీ అంటారు మండపేటలో. సంతకం పెట్టు అన్నాడు. పెట్టాను. అదీ నా కోపం. ఆయన రాసినందుకు సగం, నేను పెట్టినందుకు సగం. పెన్ను తీసుకుని జె. జగదాంబ అని రాసి కింద గీత కూడా గీశాను, ఏదో ఘనకార్యం చేసినట్టు. తరవాత నర్సు వచ్చి ఒంటి మీద ఏ లోహమూ ఉండకూడదంది. గాజులు తీశాను, ముక్కుపుడక రాకపోతే సబ్బు పెట్టి తీశారు, సూత్రాలు తీసి పసుపుకొమ్ము దారానికి కట్టి మెళ్ళో వేసుకున్నాను. సూత్రాలు ఆయన రుమాల్లో చుట్టి, రెండుసార్లు తడిమి చూసుకుని, లోపలి జేబులో పెట్టుకున్నాడు. వస్తువుల విషయంలో చాలా జాగ్రత్త మనిషి.

ఎందుకలా రాశాడో నాకు తెలుసు. దాచలేదు కూడా. పొద్దున్న కారు ద్వారపూడి దాటుతుండగా, అటూ ఇటూ ఆకుపచ్చటి చేలు, నేను కిటికీ అద్దం దించుకుని నోరు తెరిచి గాలి తాగుతుంటే, ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. చూడు జగదా, నీ జబ్బు మిల్లు వల్లేనని ఒక్క డాక్టరు కాగితం మీద రాస్తే చాలు, రేపు పొద్దున్న ప్రతి కూలీ ఛాతీ పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. ఓనరు పెళ్ళానికే వచ్చిందంట అంటారు. నేను మిల్లు మూసుకోవాలి. అర్థమైందా? అర్థమైంది. కోప్పడలేదు, బతిమాలినట్టే చెప్పాడు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఈ డాక్టరు ఉదయ్‌భాస్కర్ అసలు మొదట మా మిల్లుకే వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుండవు. ఊపిరితిత్తుల డాక్టరు. మిల్లుల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో ఈ మిషనుతో చూస్తున్నానండీ, పదిమందిని పంపండి చాలు అన్నాడు. నేను కాఫీ ఇచ్చాను. మా మిల్లులో అందరూ దున్నపోతుల్లా ఉన్నారండీ డాక్టరుగారూ, దగ్గేవాడు ఒక్కడు లేడు అన్నాడు మా ఆయన. అప్పుడే తలుపు వెనక నాకు దగ్గొచ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈ చేత్తోనే.

చల్లగా ఏదో తగులుతోంది ముక్కుకి. ఇప్పుడు ఆక్సిజన్ ఇస్తున్నామమ్మా, మామూలుగా పీల్చండి, మీరేమీ చెయ్యక్కర్లేదు, అన్నాడు ఏసుపాదం.

మీరేమీ చెయ్యక్కర్లేదు. ఈ మాటకి నాకు ఎందుకు కన్నీళ్ళొస్తున్నాయి? మూడేళ్ళ క్రితం కాకినాడలో ఊదే పరీక్ష చేశారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, ఊదమ్మా, ఊదు ఊదు ఊదు ఊదు, ఇంకా ఇంకా, అని ఆ కుర్రమ్మాయి అరుస్తుంటే, నేను ఊదుతూ ఊదుతూ దగ్గుతో మెలికలు తిరిగి కిందికి వంగిపోయాను. మూడుసార్లు. మూడుసార్లూ అంతే. కాగితం మీద రాసిచ్చారు, పేషెంటు సహకరించలేదు అని. ఆ కాగితాన్ని మా ఆయన చదివి వినిపించాడు. చూశావా, సరిగా ఊదలేదట నువ్వు, వాళ్ళూ అదే అంటున్నారు. సహకరించలేదు! ఇరవై నాలుగేళ్ళలో ఆ ఒక్క మాట నన్ను ఎవరూ అనలేదు, అనడానికి నేను సందివ్వలేదు. వంటకి సహకరించాను, అత్తగారి మంచానికి సహకరించాను, ఆయన కోపానికి సహకరించాను, దుమ్ముకి సహకరించాను. అంతకుముందు ఒక డాక్టరు గ్యాసు అన్నాడు, రెండేళ్ళు గ్యాసు మాత్రలు మింగాను. ఇంకొకాయన టెన్షన్ అన్నాడు. ఒకావిడ ఈ వయసులో ఆడవాళ్ళకి ఇలాంటివి మామూలేనమ్మా అంది. అందరూ నా మనసు దగ్గరికి వెళ్ళి వెతికారు, గోడ పక్కనున్న పొగగొట్టం దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. చివరికి హర్షిత కాలేజీకి వెళ్ళి అక్కడ మెట్ల మీద నేను పడిపోతేగానీ, నలుగురూ చూస్తేగానీ, నాది నాటకం కాదని ఆయనకి అనిపించలేదు. ఈ డాక్టరు ఒక్కడే చెప్పాడు, ఇందులో మీరు ఊదక్కర్లేదండీ అని. మామూలు గాలి పీల్చినప్పుడు కొన్ని బొమ్మలు తీస్తాం, ఆక్సిజన్ పీల్చినప్పుడు కొన్ని తీస్తాం, రెండూ పక్కపక్కన పెడతాం, ఆక్సిజన్ వెళ్ళిన చోటు తెల్లబడుతుంది, వెళ్ళని చోటు అలాగే ఉండిపోతుంది, మీరు బలంగా పీల్చినా నెమ్మదిగా పీల్చినా ఫరవాలేదు అన్నాడు.

ఈ గాలికి వాసన లేదు. తవుడు వాసన లేని గాలి పీల్చి ఎన్నాళ్ళయిందో. తవుడు అనుకోగానే తలుపులమ్మ వచ్చింది. ఎప్పుడూ అంతే, పిలవకుండానే వస్తుంది, తలకి గుడ్డ చుట్టుకుని, కనుబొమ్మల మీద కూడా తవుడు పిండిలా పేరుకుని. పద్నాలుగేళ్ళు తవుడు గది ఊడ్చింది మా మిల్లులో. మధ్యాహ్నం పెరటి గుమ్మం దగ్గరికొచ్చి, అమ్మగారండీ, కాసిన్ని మంచినీళ్ళండీ అనేది. ఇద్దరం ఒక ఈడువాళ్ళం. నవ్వితే పళ్ళు మాత్రమే తెల్లగా కనపడేవి. తరవాత దగ్గు మొదలైంది. మిల్లుకి వచ్చిపోయే డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే తీయించి టీబీ అన్నాడు. ఆరు నెలలు మందులు మింగింది. తగ్గలేదు. మళ్ళీ ఎనిమిది నెలలు, ఈసారి సూదులు కూడా. కఫం పరీక్ష చేసినప్పుడల్లా ఏమీ లేదనే వచ్చేది, అది తలుపులమ్మే చెప్పింది నాకు. లేదంటన్నారండీ అమ్మగారూ, మరి మందులెందుకండీ అని. నాకేం తెలుసు. నాకేం తెలుసు అన్నాను, అంతే. గోడ మీద ఆమెకి ఒక స్టీలు గ్లాసు వేరే పెట్టాను. నీళ్ళు పైనుంచి పోసేదాన్ని, గ్లాసుకి చెంబు తగలకుండా. హర్షిత పరీక్షలకి చదువుకుంటోందని ఒకరోజు, నీది అంటుకునే జబ్బు తలుపులమ్మా, ఇంక పెరట్లోకి రాకు అన్నాను. ఆయన చెప్పమన్నాడని కాదు. నా అంతట నేనే. ఆమె నా మొహంలోకి చూసింది. అప్పటికి నాకూ ఏడాదిగా దగ్గు. మా పిల్లలు నా పక్కలో పడుకుంటారండీ, ఆళ్ళకి అంటుకోలేదు, గుమ్మంలో నీళ్ళు పోసే మీకు అంటుకుందా అండీ? అంది. తిట్టలేదు. అడిగింది. ఆలోచించి అడిగింది. డాక్టర్లందరికన్నా ముందు ఆమెకి తెలిసింది, నాకు చెప్పింది, నేను తలుపు వేసుకున్నాను.

పోయిన కార్తీకమాసంలో పోయింది. టీబీ మనిషి, ఎన్నాళ్ళుంటుంది అన్నాడు మా ఆయన అన్నం కలుపుకుంటూ. నేను పెరుగు వడ్డించాను. టీబీ కాదేమోనండీ అని ఎందుకనలేదు? నోట్లో ఏం అడ్డుపడింది? ఆమెని ఎవరూ ఈ గొట్టంలోకి తొయ్యలేదు. ఆమె ఊపిరితిత్తుల్లో ఎక్కడ తెల్లగా ఉందో ఎక్కడ చీకటిగా ఉందో ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. దున్నపోతుల్లా ఉన్నారట. బాయిలర్ దగ్గర సత్తియ్య మెట్టుమెట్టుకీ ఆగి ఎక్కుతాడు. ఊక తోసే పోతురాజు మాట మధ్యలో ఆగి, నవ్వి, మళ్ళీ మొదలుపెడతాడు, ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు, నేనూ అలాగే నవ్వుతాను, ఊపిరి అందలేదని తెలియకుండా. డాబా మీద నుంచి అందరినీ చూస్తూనే ఉన్నాను. ఎవరు ఎక్కడ ఆగుతారో, ఎవరు దేన్ని పట్టుకుని నిలబడతారో, నాకు తెలిసినంత మిల్లు గుమాస్తాకి కూడా తెలియదు. తెలిసి ఏం చేశాను? అప్పడాలు దులుపుకున్నాను.

వస్తోంది. దగ్గు వస్తోంది. ఛాతీ అడుగు నుంచి పాకుతోంది. ఇప్పుడు కాదు, ఇప్పుడు కదిలితే బొమ్మ చెడుతుంది, సహకరించలేదు అని రాస్తారు, ఆయన చదివి వినిపిస్తాడు. పళ్ళు బిగించాను. కాళ్ళు బిగించాను. ఆగలేదు. ఒక్కసారిగా బద్దలైంది, మాస్కులోకి, గొట్టమంతా మోగేలా, పలక ఎగిరెగిరిపడేలా. మిషను ఆగిపోయింది.

"అయ్యో, ఆపుకోకండమ్మా. దగ్గొస్తే దగ్గేయండి," అన్నాడు ఏసుపాదం. "ఆ బొమ్మ మళ్ళీ తీసుకుందాం. తొందరేం లేదు."

తొందరేం లేదు. కన్నీళ్ళు రెండు వైపులా చెవుల్లోకి దిగి దూది తడిసింది. తుడుచుకోవడానికి చేతులు పైకి రావు. ఇంత చిన్న మాట. ఇంత చిన్న మాట అనడానికి, ఈ దగ్గు మొదలైన తొమ్మిదేళ్ళలో ఒక్కరికి నోరు రాలేదు. తలుపులమ్మకి నేను అనలేదు. తొందరేం లేదు, కూర్చో, దగ్గు తగ్గాక తాగుదువుగాని అని. మళ్ళీ తీయండి, అన్నాను మాస్కులోంచి, వినపడిందో లేదో. మళ్ళీ తీయండి. ఎన్నిసార్లయినా తీయండి.

బయటికి లాగేసరికి వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. చీర కట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళాను. మా ఆయన అప్పటికే కుర్చీలో ఉన్నాడు. కంప్యూటరు తెర మీద నా ఛాతీ, రెండు బొమ్మలు పక్కపక్కన.

"ఇది మామూలు గాలి, ఇది ఆక్సిజన్," అన్నాడు డాక్టరు ఉదయ్‌భాస్కర్, పెన్ను చివరతో చూపిస్తూ. "ఆరోగ్యంగా ఉంటే ఇదంతా తెల్లబడాలండి. పైన చూడండి, కాస్త తెల్లబడింది. ఈ కింద, ఇటు మధ్యలో, ఇక్కడంతా గాలి సరిగా వెళ్ళడం లేదు. దీన్ని ఎవరూ నటించలేరండి. మీకు ఆయాసం నిజంగా ఉంది, చాలా ఉంది." ఫారం తీసి చూశాడు. నుదురు చిట్లించాడు. "చిన్నప్పటి నుంచి అని రాశారు. దుమ్ము లేదన్నారు. మరి ఈ బొమ్మ ఇంకోలా..."

"చిన్నప్పటి నుంచే ఉందండి," అన్నాడు మా ఆయన. "వాళ్ళ పుట్టింటివాళ్ళు చెప్పకుండా చేశారు పెళ్ళి."

చచ్చిపోయిన మా నాన్నని కూడా లాగాడు.

"అబద్ధమండి," అన్నాను.

"జగదా, ఊరుకో. ఆయాసంలో ఏదో మాట్లాడుతోందండీ డాక్టరుగారూ."

"ఆయాసంలోనే మాట్లాడుతున్నానండి. ఆయాసం తగ్గాక మాట్లాడదామని ఇన్నేళ్ళు కూర్చున్నాను." గొంతు పెద్దదయింది. కోడలి గొంతు. "డాక్టరుగారూ, మా ఇల్లు బైపాసు రోడ్డులో లేదు. మిల్లు గోడ పక్కన. ఇరవై నాలుగేళ్ళ నుంచి. చిన్నప్పుడు నాకే జబ్బూ లేదు. ఆ ఫారం ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. కొట్టేశాను. ఒకటి, రెండు, మూడు చోట్ల. పక్కన నా చేతిరాతతో రాశాను. వంకరగా వచ్చింది, ఫరవాలేదు, చదవచ్చు. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. భయం ఉంది. అది చూసి ఒక్క క్షణం తగ్గబోయాను, అలవాటు. తగ్గలేదు.

"మీకు మిల్లువాళ్ళు పదిమంది కావాలన్నారు కదండీ," అన్నాను. "రాసుకోండి."

"కారు దగ్గరుంటాను," అన్నాడు మా ఆయన. తలుపు మెల్లగానే వేసుకుని వెళ్ళాడు.

డాక్టరు తెల్లకాగితం తీసుకున్నాడు.

"తలుపులమ్మ. తవుడు గది, పద్నాలుగేళ్ళు. టీబీ అన్నారు, రెండుసార్లు మందులు వాడింది, కఫంలో ఎప్పుడూ ఏమీ లేదు."

"ఆవిణ్ణి ఒకసారి తీసుకురాగలరా?"

"రాదండి. పోయిన కార్తీకంలో పోయింది. అయినా రాసుకోండి, మొదటి పేరు ఆమెదే ఉండాలి." ఊపిరి తీసుకున్నాను. "ఆవిడ కూతురు రత్నమాణిక్యం. ఇరవై ఏళ్ళు. ఇప్పుడు ఆ గది ఊడుస్తోంది. రేపు పొద్దున్న బస్సుకి నేనే తీసుకొస్తాను, మీరు ఉంటారా?"

"ఉంటానండి."

"సత్తియ్య, బాయిలర్. పోతురాజు, ఊక..." అక్కడ ఆగిపోయింది. ఛాతీ పట్టేసింది, బల్ల అంచు పట్టుకున్నాను. నవ్వలేదు ఈసారి, నవ్వి కప్పిపుచ్చలేదు, నోరు తెరిచి, చప్పుడు చేస్తూ, సిగ్గు లేకుండా పీల్చాను. డాక్టరు పెన్ను ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు, నా మాట తను పూర్తిచెయ్యబోలేదు. "ఇంకా ఉన్నారండి," అన్నాను. కాసేపటికి గాలి అందింది. తరవాతి పేరు చెప్పాను.